నికెల్ పూత పూసిన దొర తుపాకీ

పోలరాజుకి మెరుపంటే ఒళ్లు మంట. పెళ్లాం జోగమ్మ కంచాలు తోముతుంటే "అరిగిపోతన్నాయే, ఒగ్గెయ్యే" అని భాలుబాసా గల్లీ అంతా వినబడేలా అరిచేవాడు. కొత్త సైకిలు ఎదురైతే చాలు, మొహం పక్కకి తిప్పుకునేవాడు. జోగమ్మకి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఎందుకంటే ఆ మనిషి నలభై ఏళ్లు కూడు తిన్నదే మెరుపు మీద! టెక్కలి పక్క పల్లెనుంచి పద్దెనిమిదేళ్లకి బండెక్కి ఈ హిందీ ఊరికి వచ్చి ఫ్యాక్టరీలో పాలిష్ సెక్షన్లో పడ్డాడు. గిర్రున తిరిగే గుడ్డచక్రానికి ఇనుప ముక్క ఆనించాడంటే, దాన్లో చూసుకుని గెడ్డం గీసుకోవచ్చు అనేవాళ్లు తోటివాళ్లు.

మెరుపు మీద రోత పుట్టింది రిటైరయ్యాకే. సాక్చీ బజారులో ఓ తుపాకుల దుకాణంలో మిస్త్రీగా చేరాడు. బయటిదేశాల తుపాకులు రావడం ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి, దొరలు వదిలి వెళ్లిన పాతవాటికి మంచి గిరాకీ. అక్కడ తెలిసింది పోలరాజుకి అసలు సంగతి. పాత తుపాకీకి ధర పలికేది ఎవడూ వేలు పెట్టని చోట. గొట్టం మీద తయారుచేసినవాడి పేరు, గొట్టం అడుగున పరీక్ష చేసి కొట్టిన సర్కారు ముద్రలు, పక్కరేకుల మీద చెక్కిన పువ్వులూ పిట్టలూ, వయసుతో వచ్చిన ఆ గోధుమ నలుపు. అవి ఉంటే వేలు. లేకపోతే వందలు. మూడేళ్లు తిరిగేసరికి, పోలరాజు చూసి చెప్పందే దుకాణం యజమాని సేఠ్ ఏ తుపాకీకీ రేటు కట్టేవాడు కాదు.

ఎనభై రెండులో, వానలు మొదలైన రోజుల్లో, ఓ మధ్యాహ్నం అగ్రికో కాలనీ నుంచి సింహాచలమ్మ వచ్చింది. చంకలో దుప్పటి చుట్ట, చేతిలో ఠాణా కాగితం. ఆమె భర్త వరహాలు ఒక ఇంగ్లీషు ఇంజినీరు దగ్గర డ్రైవరుగా చేశాడు. దొర సొంతదేశం వెళ్లిపోతూ తన రెండు గొట్టాల తుపాకీ వరహాలుకి ఇచ్చేశాడు. మాఘంలో వరహాలు పోయాడు. లైసెన్సు ఆయన పేరు మీదిది. నెలాఖరులోగా దుకాణానికి అమ్ముకోవాలి, లేదా ఠాణాలో పడెయ్యాలి. అదలా ఉంటే కంపెనీ క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలి. మానగోలో ఒక గది మాట్లాడుకుంది. దానికి బయానా రెండు వేలు. ఆమె దగ్గర అమ్మడానికి ఉన్నది ఈ తుపాకీ ఒక్కటే.

దుప్పటి విప్పింది. దుకాణంలో దీపం పెట్టినట్టయింది.

"అరె బాప్‌రే! ఇది తుపాకీయా, సైకిల్ హ్యాండిలా?" సేఠ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏ గాడిద చేశాడు మిస్త్రీజీ ఈ పని?"

 ఏ గాడిదో పోలరాజుకి చూడగానే తెలిసింది. అరవై మూడులో వరహాలు దీన్ని గోనెలో చుట్టి తెచ్చాడు. "మసిబారిపోయింది బావా, కాసింత మెరిపించవా" అన్నాడు. పోలరాజు మూడు రోజులు డ్యూటీ దిగాక చక్రం దగ్గర నిలబడ్డాడు. మసి పోయింది. దాంతో తయారీదారు పేరు పోయింది, సర్కారు ముద్రలు పోయాయి, పక్కరేకుల మీద ఎగురుతున్న బాతుల జంట అరిగిన సబ్బుబిళ్లలయింది. అది చాలక సైకిలు హ్యాండిళ్లకి పూత వేసేవాడి దగ్గర నికెల్ కూడా పూయించాడు. ఆ రోజు సెక్షనంతా తిప్పి చూపించుకున్నాడు. వెధవ గర్వం!

"ఎవడో ఎదవ," అన్నాడు పోలరాజు, అవసరమైనదానికంటే గట్టిగా. "సేతులిరగ్గొట్టాల ఆడివి."

సింహాచలమ్మ పైట భుజం మీదికి లాక్కుని, బల్ల మీద కూర్చుని, అతని వంక చూస్తూ ఉండిపోయింది. 

సేఠ్ పోలరాజుని సొరుగు దగ్గరికి లాక్కెళ్లి హిందీలో గొంతు తగ్గించాడు. ముద్రలు లేవని చెప్పి ముసలమ్మకి తొమ్మిది వందలు చేతిలో పెడదాం. తర్వాత నువ్వు ఈ నికెల్ గీకేసి, దొరల కంపెనీ పేరూ ముద్రలూ మళ్లీ కొట్టెయ్. ధన్‌బాద్ కాంట్రాక్టరు ఒకడు కూతురి పెళ్లికి విలాయతీ తుపాకీ కావాలంటున్నాడు, కళ్లు మూసుకుని ఆరు వేలిస్తాడు. అంటూ సొరుగు తీశాడు. లోపల ఇనుము మీద అక్షరాలు కొట్టే కొత్త పంచ్‌లు, నూనె కాగితంలో వరసగా.

 మోసం ఒకటే అయితే పోలరాజు దుకాణాల్లో చాలా చూశాడు. కానీ ఇక్కడ పలక శుభ్రంగా తుడిచి ఇచ్చింది తను. ఇప్పుడు దాని మీద అబద్ధం రాయమంటున్నదీ తననే.

"క్యా సేఠ్‌జీ, నౌ సౌ? తొమ్మిదొందలా?" అంది సింహాచలమ్మ బల్ల మీంచి. "ముప్పయ్యేళ్లుగా ఈ ఊరి నీళ్లే తాగుతన్నాను. నాకు హిందీ రాదనుకున్నావేటి?" తర్వాత పోలరాజు వైపు తిరిగింది. "అన్నయ్యా, ఇందాకేటో సేతులిరగ్గొడతానన్నావు. అయి ఇరిగే ముందు, ఆ సేతుల్తోనే సూసి రేటు సెప్పు. ఎదవైతే ఏటి, నాకు తెలిసినోడే గదా."

ఆమెకి తెలుసు. తెలిసే ఇక్కడికి వచ్చింది. 

పోలరాజు తుపాకీ అందుకున్నాడు. గొట్టాల కింది చెక్క ఊడదీసి, తుపాకీని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. కీలులో చప్పుడు లేదు. గొట్టాలు విడదీసి ఆకాశం కేసి పెట్టి లోపలికి చూశాడు. కుడిది నున్నగా ఉంది. ఎడమదాంట్లో చివర ఆవగింజల్లా తుప్పు మచ్చలు. గొట్టాలని వేలికి వేలాడదీసి గోరుతో కొట్టాడు. గంటలా ఖంగుమని చాలాసేపు మోగింది, అంటే అతుకు ఎక్కడా వదల్లేదు. కొలిచి చూస్తే గోడ మందం కూడా సరిపోయింది. వెనక చెక్క మీద పట్టు కోసం కోసిన గీతలు చెక్కు చెదరలేదు. చెక్కపని తనకి రాదు కాబట్టి ఆ రోజు అదొక్కటే బతికిపోయింది.

"ముద్రలుంటే ఎనిమిది వేలు," అన్నాడు. "అయి లేవు, నాలుగు తియ్యాల. బాతులు సచ్చాయి, పైన నికెలొకటి, పదిహేనొందలు. ఎడం గొట్టంలో మచ్చలకి మూడొందలు. రెండు వేల రెండొందలు సెల్లీ. ఐదు వేల ఐదొందలు నేను తినేసాను." ఆ చివరి మాట సేఠ్‌కి హిందీలో కూడా చెప్పాడు.

"తుమ్‌నే కియా?" సేఠ్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. "పాడుచేసినవాడే ఖరీదు కడతాడట! సరే, పంచ్ కొడతావా లేదా?"

"కొట్టను."

"అయితే నాకు ఆ తుపాకీ అక్కర్లేదు. సోమవారం నుంచి నువ్వూ అక్కర్లేదు."

పోలరాజు సొరుగు మూసేశాడు. ఒక కాగితం తీసుకుని, వచ్చిన హిందీలో అంతా రాశాడు. ఏది బాగుందో, ఏది పోయిందో, దేనికెంత తీశాడో. చివర్న, పేరూ ముద్రలూ అరవై మూడులో చక్రం మీద అరగదీసింది నేనే అని రాసి సంతకం పెట్టాడు. "బిష్టుపూర్‌లో ఇంకో దుకాణముంది సెల్లీ. ఇది ముందు సూపించి, తర్వాత తుపాకీ ఇప్పు."

సాయంత్రం సింహాచలమ్మ భాలుబాసా వచ్చింది. జోగమ్మ ఇచ్చిన టీ ఊదుకుంటూ చెప్పింది. ఆ దుకాణంవాడు కాగితంలో ఒక్కో ముక్కా చదివాడట, ఒక్కోటీ చూశాడట, గొట్టాన్ని గోరుతో కొట్టాడట, ఇరవై ఒక్క వందలిచ్చాడట. కాగితం తన దగ్గరే ఉంచుకున్నాడట, కొనేవాడికి చూపించాలని. మానగో గదికి బయానా కట్టేసింది.

"మీ బావ బతికున్నంత కాలం రోజూ తుడుచుకుని మురిసిపోయాడన్నయ్యా," అంది, ఓదార్చాలని. "ఏం తళుకురా బాబూ అని."

పోలరాజు మొహం ఇంకా ముడుచుకుపోయింది. "వందెందుకు కోసాడంట?"

"ఎడం గొట్టం మచ్చలకి నువ్వు తక్కువ తీసావంట. నాలుగొందలు తియ్యాలంట."

పోలరాజు వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. "ఆడి లెక్కే కరెట్టు. తప్పు బావ మీదికి పోద్దని తగ్గించి రాసాను." వీధిలోకి ఉమ్మి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. "రోజూ పైన తుడుచుకున్నాడు గానీ సెల్లీ, లోపల ఒక్కపాలైనా గుడ్డ దూర్చనేదు మీ ఆయన."

"దూర్చనేదు," ఒప్పుకుంది సింహాచలమ్మ, గ్లాసు కింద పెడుతూ. "లోపల మెరిత్తే ఎవడు సూత్తాడు అనేవోడు."