దగ్గు పుస్తకంలో చేయి

రోగులు తమ జబ్బు గురించి తామే రాసి, బొమ్మలేసి, కుట్టిన చిన్న పుస్తకాలను మా మెడికల్ కాలేజీ లైబ్రరీ కోసం పోగుచేసేదాన్ని. బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో ఒక పాత గని కార్మికుడు తన దగ్గు మీద చేసిన పుస్తకం తీసుకొని బస్సెక్కినాను. పక్క సీట్లో పెద్దామె దాన్ని అడిగి తీసుకొని కడదాకా తిప్పింది.

"మా ఇంటాయనకీ ఇదే దగ్గమ్మా. గని మూసినాక ఇంట్లోనే ఉండె. ఊపిరాడనప్పుడల్లా హెల్మెట్టుతో నన్ను బాదినాడు. అది ఇందులో యాడ ఉండాది?"

ఆమె నా పెన్ను లాక్కొని, విరిగి వంకరగా అతుక్కున్న తన చేతిని ఖాళీగా ఉన్న చివరి పేజీ మీద ఆనించి, కాగితం చిరిగేంత గట్టిగా చుట్టూ గీత గీసింది.

ఆ పుస్తకం లైబ్రరీలో ఊపిరితిత్తుల జబ్బుల అరలోనే ఉండాది. మెడిసిన్ పిల్లలు ఆ గీతలో తమ చేయి పెట్టి చూస్తారు. ఎవరిదీ ఇమడదు.