ఏలియా ధార ఎంత?

ఏలియా తన మూత్రధార ఎంతో ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు. హనుమకొండ బస్టాండులో చెప్పాడు, చర్చి మెట్ల మీద చెప్పాడు, ఒక పెళ్లి బంతిలో పప్పు వడ్డిస్తున్న ముసలాయనకు కూడా చెప్పాడు. విడ్డూరమేమిటంటే, ఆ లెక్క ఏ రెండుసార్లూ ఒకటి కాదు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది ప్రాంతంలో అతను ఒక మిషన్ దవాఖానలో యాభై ఏళ్ల వార్డుబాయ్. పెద్దవయసు మగవాళ్ల ధార పరీక్ష అతని చేతిలో ఉండేది. తలుపు అవతల గీతలున్న గాజు జాడీతో పెద్దమనిషి, ఇవతల స్టాప్‌వాచ్‌తో ఏలియా. జాడీలో పడ్డ మిల్లీలీటర్లను సెకన్లతో భాగిస్తే ధార. పదిహేను వస్తే ఫికర్ లేదు. పది కూడా రాకపోతే, లోపల గ్రంథి ఉబ్బి దారిని నొక్కుతోందేమోనని డాక్టరు సుందర్ రావు అనుమానించేవాడు.

ఏలియా గడియారం చూడకముందే, చప్పుడు విని "ఆరు" అనేవాడు. డాక్టరు లెక్కగడితే ఆరే వచ్చేది. నేను పత్రికవాణ్ని, ఊరికే నమ్మను. మూడు రోజులు పక్కనే కూచున్నాను. ఇరవై రెండుమందిలో ఒక్కటి తప్పాడు. అదీ బయట లారీ హారన్ కొట్టినందుకట. నోరెళ్లబెట్టాను.

అంతటివాడు తన లెక్క సోమవారం అయిదన్నాడు, మంగళవారం ఎనిమిదన్నాడు.

"ఏదో ఒకటి చెప్పు ఏలియా."

"ధారన్నంక మారుతది సారూ. మీ పేపర్ల రోజూ ఒకటే వార్త ఏస్తరా?"

బుధవారం వర్ధన్నపేట నుంచి ఉప్పలయ్య అనే డెబ్బై ఏళ్ల రైతు, భార్య పూలమ్మతో, చేతిలో నీళ్ల చెంబుతో వచ్చాడు. లోపలికి వెళ్లిన ఆరు సెకన్లలో జాడీ నిండింది.

"పెద్దయ్యా, చెంబు బయటపెట్టి మళ్ల పో," అన్నాడు ఏలియా.

రెండోసారి నాలుగు. ఆపరేషన్ చేయకపోతే మూత్రపిండాలు పోతాయన్నాడు డాక్టరు.

"ముసలోనికి గంతే ఉంటది. కోతకు నేను రాను. నడువ్ పూలమ్మా."

ఏలియా అడ్డంగా నిలబడ్డాడు. "నాది మూడు."

ఉప్పలయ్య ఆగాడు. "నాకన్న తక్కువనా?"

"మూడే. బస్సెక్కాల్నంటే భయమైతాంది."

"నాకూ గంతే బిడ్డా. రెండు జాతరలాయె, మేడారం పోలే. బస్సు నిండ ఆడోళ్లు, ఆపుమని ఎట్లంటం?"

"మోకాళ్లనొప్పులంటివి గద," అంది పూలమ్మ.

నేను రిజిస్టరు తిరగేశాను. సోమవారం కోతకు జంకినాయనకు ఆరు, ఏలియా తనది అయిదన్నాడు. మంగళవారం జంకినాయనకు తొమ్మిది, ఏలియా ఎనిమిదన్నాడు. మొదటి పేజీలో, స్టాప్‌వాచ్ కొన్న రోజున, డాక్టరు చేతిరాతతో అతని అసలు లెక్క ఉంది: పద్దెనిమిది. ఎందరి నోళ్లో తెరిపించడం నా ఉద్యోగం. ఒక్క అంకె తగ్గించి ఆ పని చేయొచ్చని నాకు తట్టలేదు.

"సరే, కోయించుకుంట," అన్నాడు ఉప్పలయ్య. "కని నీది నాకన్న అధ్వానముంది. నువ్వు గూడ కోయించుకోవాలె. లేకుంటే నేను జేయించుకోను."

ఏలియా డాక్టరు వైపు చూశాడు. డాక్టరు కిటికీ వైపు చూశాడు.

"పక్కపక్క మంచాలేయిస్త పెద్దయ్యా," అన్నాడు ఏలియా.

ఉప్పలయ్య మత్తు దిగి కళ్లు తెరిచేసరికి, పక్క మంచం మీద రోగుల గౌనులో ఏలియా మూలుగుతున్నాడు. రౌండ్సుకొచ్చిన సుందర్ రావు అక్కడ ఆగి, శ్రద్ధగా అతని నాడి చూసి, ఈ పేషెంటుకు రెండు రోజులు జావ తప్ప ఏమీ పెట్టొద్దని నర్సుకు చెప్పి కదిలాడు.