రెండో పట్టీ

2022 మే నెల. గోదావరిఖనిలో ఒక దవాఖాన క్యాజువాలిటీలో, అంటే అత్యవసర కేసులు ముందుగా వచ్చే గదిలో, నేను స్టాఫ్ నర్సుని. ఆ మధ్యాహ్నం ఎండదెబ్బ కేసులతో మంచాలన్నీ నిండిపోయాయి. ఆటోలోంచి దింపిన రాజమల్లు గారిని చూసి ఇదీ ఎండదెబ్బే అనుకున్నాను.

ఆయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. వెంట భార్య లచ్చవ్వ, కూతురు స్వరూప వచ్చారు. పిలిస్తే పలకడం లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. నిమిషమంతా లెక్కపెడితే ఊపిరి ఆరుసార్లే ఆడింది. టార్చి వేస్తే కంటిపాపలు గుండుసూది మొనంతే కనిపించాయి. ఎండదెబ్బకు అలా కావు. చొక్కా గుండీలు విప్పితే ఛాతీ మీద ఫెంటనిల్ ప్యాచ్ ఉంది. మార్ఫిన్ లాంటి, దానికన్నా చాలా బలమైన నొప్పి మందును చర్మం గుండా మూడు రోజులపాటు కొద్దికొద్దిగా ఒంట్లోకి పంపే పట్టీ అది. వేడి తగిలితే మందు ఎక్కువగా దిగుతుంది.

"ఇది ఎవరు పెట్టిండ్రు?" అని కాస్త గట్టిగానే అడిగాను. లచ్చవ్వ తల దించుకుంది. వెనక్కి జరిగి గోడవారన కూర్చుంది.

గ్లవుజులతో పట్టీ పీకేశాను. చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్‌తో నేను గాలి పంపుతుంటే డ్యూటీ డాక్టర్ నలాక్సోన్ ఎక్కించాడు. ఫెంటనిల్ పట్టును విడిపించే ఇంజెక్షన్ అది. ఒకేసారి ఇస్తే అణిగిన నొప్పంతా మీద పడుతుందని కొంచెం కొంచెంగా ఇచ్చాడు. మూడో విడతకు రాజమల్లు గారు గట్టిగా ఊపిరి పీల్చి కళ్లు తెరిచారు.

"ఎందుకు లేపినవ్ బిడ్డా? ఇన్ని రోజులకు జర నిద్ర పట్టింది" అన్నారు. అప్పటికే నొప్పితో ఆయన దవడలు బిగుసుకుంటున్నాయి.

స్వరూపకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. బాపు మాట్లాడుతున్నాడు కదా, ఇంటికి తీసుకుపోతామంది. నలాక్సోన్ పని గంట, గంటన్నరలో అయిపోతుందనీ, చర్మంలో చేరిన మందు మాత్రం ఇంకా దిగుతూనే ఉంటుందనీ చెప్పి ఆపాను. ఆమె అయిష్టంగానే కూర్చుంది.

నాకు కుదురు లేదు. పక్క మంచంలో సెలైన్ పెడుతున్నా కళ్లు ఆయన ఛాతీ మీదే. నిమిషానికి పన్నెండు ఊపిరులు. మళ్లీ వచ్చి లెక్కపెట్టాను, పది. అరగంట దాటిందో లేదో ఎనిమిది. డాక్టర్‌ను పిలిచాను. పట్టీ తీసేశాం కదా, ఇంత తొందరగా మళ్లీ ఎందుకు మత్తులో మునుగుతున్నారని నాకు అంతుపట్టలేదు.

డాక్టర్ మళ్లీ మందు ఎక్కిస్తుంటే, గోడవారన కూర్చున్న లచ్చవ్వ ముందుకు వెళ్లి నేనూ కింద కూర్చున్నాను.

"అవ్వా, నిన్ను ఎవ్వరు ఏమనరు. ఇంకా ఎన్ని పట్టీలు ఉన్నయి?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒకటి ఉన్నది. నడుము మీద. పొద్దుగాల నొప్పికి ఒర్రుతుంటే చూడలేకపోయిన. ఛాతీ మీదిది తియ్యకుండనే, నొప్పి ఉన్న కాడ ఇంకోటి పెడితే జల్ది తగ్గుతదనుకున్న. దాని మీద వేడినీళ్ల సంచి గూడ పెట్టిన."

ఆయన్ను పక్కకు తిప్పాం. చెమటకు ముడతలు పడి నడుము మీద రెండో పట్టీ. పీకి, చల్లని తడిగుడ్డతో తుడిచాను. నలాక్సోన్‌ను డ్రిప్‌గా పెట్టి ఐసీయూకి పంపాం.

మూడో రోజుకు వార్డులోకి వచ్చారు. నొప్పి వైద్యం చూసే డాక్టర్ మోతాదు సరిచేశాడు. పట్టీ మీద తేదీ రాయడం, పాతది తీశాకే కొత్తది అంటించడం తల్లీకూతుళ్లకు నేనే దగ్గరుండి నేర్పాను. తర్వాత ఆయన ఐదు నెలలు ఇంట్లోనే బతికారు. చాలావరకు నిద్ర పట్టేదని స్వరూప చెప్పింది.

మొదటే ఆయన్ను తిప్పి చూడకపోవడం నా తప్పు. నలాక్సోన్‌తో మెలకువ వచ్చిన రోగిని వదిలి కదలకూడదని ఆ రోజు బాగా తెలిసింది. కానీ నన్ను ఇప్పటికీ నిలవనీయనిది నా మొదటి ప్రశ్న. ఎవరు పెట్టారని అడిగితే లచ్చవ్వ భయపడింది. ఎన్ని ఉన్నాయని అడిగి ఉంటే అప్పుడే చెప్పేది.