పొటాష్ చల్లిన బీడు

మా పశువుల డాక్టరమ్మ పోయారని మొన్న పొద్దున ఫోనొచ్చింది. అప్పటినుంచి నాకు కూర్చుంటే లేవాలని, లేస్తే ఎటో వెళ్లాలని ఉంది. కొట్టంలోకి వెళ్తాను, ఎందుకు వెళ్లానో మర్చిపోయి తిరిగొస్తాను. ఈ నాలుగు ముక్కలూ మధ్యలో లేచి లేచి రాస్తున్నవే, సర్దుకుని చదవండి.

ఆవిడా అంతే, ఒకచోట నిలిచే మనిషి కాదు. మణుగూరు వైపు అడవి అంచు ఊళ్లన్నీ స్కూటీ మీద తిరిగేవారు. చీర కుచ్చిళ్లు ఎగదోపి, రబ్బరు బూట్లేసుకుని నేరుగా కొట్టంలోకే. కుర్చీ వేస్తే దాని మీద సంచి పెట్టేవారు. మా అమ్మ టీ తెచ్చేలోపే బండి చప్పుడు వినిపించేది. పసరానికి నోరు లేదు కాబట్టి దాని బదులు మనుషుల్ని అడగాలనేవారు. అడిగేవారు కూడా, అవతలివాళ్లకు విసుగొచ్చేదాకా. ఏం మేసింది, ఎక్కడ తాగింది, పేడ ఎట్లా వేసింది. ఆ ప్రశ్నలకు మా నాన్నకు ఒళ్లు మండేది.

నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్న రైతు. ఏ పనైనా దండిగా చేయాలంటాడు. ఒక ఏడు తొలకరికి, ఆవులు మేసే బీడుకు కూడా మిర్చికి చల్లినట్టు యూరియా, పొటాష్ చల్లించాడు. వానలకు గడ్డి ఏపుగా లేచింది. చూసినవాళ్లంతా భలే అన్నారు. కొత్తగా ఈనిన ఆవును పగలంతా అందులోనే మేపమన్నాడు.

కొద్దిరోజులకే ఆ ఆవు చెవులు అదురుతూ, తూలి పడిపోయింది. కాళ్లు కొట్టుకుంటోంది, నోట్లో నురగ. పాము ముట్టిందని ఒకరు, విషమని ఇంకొకరు. వేపమండలు తెచ్చి దిగదుడిచారు, డప్పు కొట్టించారు. నాన్న చూపు మాత్రం ఆవులు మేపే మనిషి మీద పడింది. అతనిది వాగవతలి గూడెం. ముందురోజే ఇద్దరికీ మాటామాటా వచ్చింది. వాడే ఏదో అడవి మందు పెట్టాడని నాన్న నోరు జారాడు. అంతే, నలుగురు పట్టుకుని అతన్ని కొట్టం గుంజకు కట్టేశారు. ఒకడు అప్పుడే కర్ర కూడా తీశాడు.

కబురందిన డాక్టరమ్మ వస్తూనే డప్పు ఆపించారు. దరువు పడ్డప్పుడల్లా ఆవు ఎగిరెగిరి పడుతోందని అప్పటిదాకా మాకెవరికీ తట్టలేదు. రక్తం తీసుకుని, మందు నరంలోకి మెల్లగా ఎక్కిస్తూనే గుంజ వైపు తల తిప్పారు.

"ఎక్కడ మేపినవ్, అన్నా?"

"గా కొత్త గడ్డిలనే అమ్మా. అయ్య గాడనే మేపమన్నడు."

"తోలేముందు ఎండుగడ్డి ఏసిండ్రా?"

"లేదమ్మా."

అప్పుడు నాన్నతో అన్నారు. "మీ ఆవుకు విషం ఎవ్వలు పెట్టలే. రక్తంల మెగ్నీషియం పడిపోయి ఉంటది. గంత పొటాష్ గుమ్మరిస్తే గడ్డికి మెగ్నీషియం ఎక్కదు, ఎక్కింది ఆవుకు ఒంటబట్టదు. ముందు ఆయన కట్లిప్పుండ్రి."

పరీక్ష కాకుండా ఎట్లా చెప్తారని నాన్న మొండికేశాడు. రక్తం ఖమ్మం పంపుతానని, అది తేలేదాకా మనిషి గుంజకు ఉండడని చెప్పి, మందు అయిపోగానే ఆవిడే వెళ్లి కట్లు విప్పారు. సాయంత్రానికి ఆవు లేచింది. తర్వాత ఖమ్మం నుంచి వచ్చిన కబురూ అదే. ఆవు పోతే ఇంకో ఆవు వచ్చేది. ఆ మనిషికేమన్నా అయితే మేం ఏ మొహం పెట్టుకుని బతికేవాళ్లం?

నాన్న బీడుకు పొటాష్ మానేశాడు. దాణాలో లవణాల పొడి కలిపించాడు. అతనితో మాత్రం తప్పయిందని అనలేదు, నోరు రాలేదు. అతనూ పని మానలేదు, ఇల్లు గడవాలిగా.

మొన్న ఫోను పెట్టేసి అతనికి చెప్పాను. ఆవుల్ని విప్పబోతున్నవాడు పలుపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"ఆ దినం అందరు నన్ను అన్నరమ్మా. ఆమె ఒక్కతే అడిగింది."

నాన్న అరుగు మీదే ఉన్నాడు, విన్నాడు. లేచి వచ్చి అతని చేతిలో పలుపు తీసుకున్నాడు. ఇవాళ నువ్వు ఇంటికి పో, నేను తోలుకెళ్తానన్నాడు. ఎన్నడూ ఆవుల వెంట నడిచిన మనిషి కాదు. అతను ఇంటికి పోలేదు. ఆవుల వెనక ఇద్దరూ నడిచారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి.