రెండు జాబితాల్లో ఒకే పేరు

మార్కర్ మూత తీసినప్పుడు వచ్చే ఘాటు వాసనకి నాకు ఇప్పటికీ జగ్గయ్యపేటలో మేడ మీది కంప్యూటర్ సెంటరే గుర్తొస్తుంది. ఇవాళ మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి బోర్డు మీద రెండు డిక్షనరీలను ఒక్క లైనులో కలిపి చూపించింది. నా మనసు మాత్రం ఆ సెంటర్‌లో మాకు పాఠాలు చెప్పిన రూతు మేడమ్ దగ్గరికి వెళ్లిపోయింది.

పైథాన్‌లో డిక్షనరీ అంటే పేరు చెబితే వివరం ఇచ్చే పట్టిక. రెంటిని కలిపినప్పుడు ఒకే పేరు రెండింటిలోనూ ఉంటే, రెండోదాని వివరం మిగిలి మొదటిది పోతుంది. మేడమ్ దీన్ని కాగితం చీటీలతో నేర్పేవారు. ఒకే పేరు మళ్లీ వస్తే ఆగి, పైకి చదవమనేవారు. ఒక్క లైను పనికి ఇంత తతంగమేమిటని నేను లోలోపల విసుక్కునేదాన్ని.

జగ్గయ్యపేట, నందిగామ రక్తదాతల జాబితాలను కలిపే పని ఆవిడ నాకు అప్పగించారు. నేను చదవకుండానే కలిపేశాను. వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం నందిగామ ఆసుపత్రి నుంచి మా సెంటర్‌కి ఫోను. కాన్పుకొచ్చిన ఒకామెకి ఓ నెగటివ్ రక్తం వెంటనే కావాలి. నా జాబితాలో ఒక్కరూ లేరు. మేడమ్ వచ్చి నా వెనక నిలబడ్డారు.

“ఓ నెగటివ్‌కి పెనుగంచిప్రోలులో కోటేశ్వరరావు గారు ఉండాలి కదమ్మా?”

ఆ పేరు ఉంది. కానీ జాబితాలో మిగిలినాయన చందర్లపాడు మనిషి, బి పాజిటివ్. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు. ఇంటిపేరు ఒకటే, ఇద్దరికీ తాత పేరే పెట్టారు. చదవకుండా కలిపి, మొదటి జాబితాలోని పెనుగంచిప్రోలు ఆయన్ని నేనే చెరిపేశాను. మేడమ్ పాత కాగితాల్లోంచి నంబరు వెతికి ఫోను చేశారు. ఆయన మిరప చేలోంచి అలాగే బండి మీద నందిగామ వెళ్లి రక్తమిచ్చారు. ఆమె బతికింది.

మేడమ్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. మర్నాడు నన్ను పెనుగంచిప్రోలు ఆటో ఎక్కించారు.

“ప్రోగ్రాం సరిచేస్తే సరిపోదమ్మా. పోయింది ఆయన పేరు. వెళ్లి ఆయనకి చెప్పు.”

చెప్పాను. ఆయన తేలిగ్గా నవ్వి, చందర్లపాడు తమ్ముడి శుభలేఖలు కూడా తనకే వస్తుంటాయని చెప్పి, మజ్జిగ ఇప్పించారు. నాకు నవ్వు రాలేదు.

మేడమ్ పోయి మూడేళ్లయింది. ఏ పట్టికలు కలపాలన్నా, ముందు రెండింటిలోనూ ఉన్న పేర్లను బయటికి తీసి పైకి చదువుతాను. పక్కవాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఇవాళ ఆ అమ్మాయి చేత కూడా చదివించాను. నాలుగో పేరు దగ్గర ఆగింది.

“వీళ్లిద్దరూ ఒకరేనా అండీ?”

“నాకూ తెలీదు. ఫోన్ చేసి అడుగు” అన్నాను.