పదహారో మనిషి

ఉయ్యూరు వచ్చి ఏడాది దాటినా నా అట్టపెట్టెల్లో మూడింటికి తాడు కూడా విప్పలేదు. బ్యాంకులో ప్రమోషన్ ఇచ్చి ఇక్కడ వేశారు. రెండేళ్లు కళ్లు మూసుకుంటే మళ్లీ సిటీకి, మా పటమట వెళ్లిపోతాను, ఈమాత్రానికి విప్పటమెందుకు, కట్టటమెందుకు అనుకున్నాను. సెలవొస్తే చాలు, బందరు రోడ్డు మీద బస్సెక్కేదాన్ని. తీరా పటమటలో మా ఫ్లాట్‌కి వెళ్లి గంట కూర్చుంటే అక్కడా తోచేది కాదు. “కాలుకాలిన పిల్లిలా ఏంటా తిరగటం?” అని మా ఆయన విసుక్కునేవారు.

ఉయ్యూరులో నాకు పడనిది ఒకటే. ఇక్కడ ఎవరికీ తెలియకుండా ఏమీ చెయ్యలేం. “నిన్న బస్టాండులో కనిపించారు, ఎక్కడికండీ మేడం?” అని కౌంటర్ ముందు నిలబడి అడిగేవారు. పాస్‌బుక్ పని అయిపోయినా జవాబు చెప్పేదాకా కదిలేవారు కాదు. నాకు ఒళ్లు మండిపోయేది.

కింద వాటాలో ఉండే ఇంటి ఓనరుగారు ఒక సాయంత్రం మెట్లెక్కి వచ్చారు. మా వీధి ఆడవాళ్ల కోలాటం బృందానికి ఆవిడే పెద్ద.

“మీరూ రండి మేడంగారూ. పదిహేనుమందిమి ఉన్నాం. కోలాటమంటే జతలుండాలి కదండీ, ఒకరు తక్కువయ్యారు.”

నాకు రాదన్నాను. టైం లేదన్నాను. లోపల మాత్రం సంతోషమేసింది. ఏడాదిలో నన్ను ఎవరైనా ఒక పనికి పిలవటం అదే మొదటిసారి.

మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు మా వీధి సిమెంటు రోడ్డు మీదే ప్రాక్టీసు. నాకు జతగా నిలబడిన మనిషిది నా వయసే. పొద్దున్నే మార్కెట్లో కూర్చుని చేపలమ్ముతుంది. పుట్టిల్లు కొల్లేరు పక్కన ఊరు, పెళ్లయి ఇక్కడికి వచ్చింది. ప్రాక్టీసుకి తలస్నానం చేసి, కనకాంబరాలు పెట్టుకుని, అందరికంటే ముందు వచ్చి నిలబడేది. ఆమె అడుగు తప్పగా నేనెప్పుడూ చూడలేదు. నేనేమో చేతిలో కర్రలవైపే చూస్తూ తప్పు వైపు తిరిగి, నా కర్రతో ఆమె వేళ్లు చితక్కొట్టేదాన్ని.

“కర్ర చూడకండి మేడంగారూ, నా మొహం చూడండి. కర్ర అదే వస్తది” అనేది వేళ్లు విదిలించుకుంటూ.

మొహం చూస్తే నిజంగానే కర్ర వచ్చేది. రెండు నెలలకి ఆఫీసులో కూర్చుని బల్ల మీద పెన్నుతో తాళం వెయ్యటం మొదలుపెట్టాను.

ఒకరోజు ఊరికే అడిగాను ఓనరుగారిని, నేను రాకముందు ఆమెకి జత ఎవరని. ఆవిడ కాసేపు నసిగారు.

“ఎవరూ లేరండీ. ఏడాదిగా వచ్చి పక్కన కూర్చుని చూసి వెళ్లేది. మావాళ్లకి కొంచెం పట్టింపులు, నీచు వాసనంటారు. మీరైతే సిటీ మనిషి, ఏమీ అనుకోరు కదా అని…”

ఒంటికాలి మీద లేచాను. తలంటుకుని వచ్చే మనిషికి వాసనేమిటని నిలదీశాను. కోపం ఆమె తరఫున అనుకున్నాను గానీ, సగం నా కోసమే. పిలిచింది నన్ను కాదు, పట్టింపుల్లేని ఎవరో ఒకర్ని. ఆ వారం ప్రాక్టీసుకి వెళ్లకుండా పటమట వెళ్లి కూర్చున్నాను. నేను లేకపోతే ఆమె మళ్లీ పక్కన కూర్చుంటుందన్న ఆలోచన రాకపోలేదు. వచ్చినా వెళ్లలేదు.

నేను మళ్లీ ప్రాక్టీసుకి వెళ్లటం మొదలుపెట్టాక, నా జత మనిషి పుట్టింటి ఊళ్లో అమ్మవారి సంబరానికి మా బృందాన్ని పిలిచారు. ఆదివారం సాయంత్రం అయిదింటికి ఆట. ఆమె ఆ వార్త చెబుతుంటే మాట తడబడింది.

“మా ఊళ్లో నన్ను చేపల గంపతోనే చూశారండీ అందరూ. ఆడతంటే చూళ్లేదు. మా అన్నయ్య ఊరంతా చెప్పాడంట. మీరు వస్తారు కదండీ?”

“తప్పకుండా” అన్నాను.

అందరూ ఉయ్యూరు నుంచి వ్యానులో బయలుదేరారు. నేను శనివారమే పటమట వెళ్లాను, అటునుంచి అటే వస్తానన్నాను. ఆదివారం భోంచేసి, ఆకుపచ్చ యూనిఫాం చీర కట్టుకుని కూడా, ఇంకా టైముంది కదా అని పక్క ఫ్లాట్లో కబుర్లకు కూర్చున్నాను. ఒక బస్సు పోతే ఇంకో బస్సు అనుకున్నాను. హనుమాన్ జంక్షన్‌లో దిగేసరికే నాలుగున్నర దాటింది. ఆటో నిండితే గానీ కదలనన్నాడు. అందరి సీట్లూ నేనే తీసుకుంటానని బతిమాలి ఎక్కాను. చెరువు గట్ల మధ్య ఆ రోడ్డు ఎంతకీ తరగలేదు.

నేను దిగేసరికి ఆఖరి పాట నడుస్తోంది. ఏడు జతలు ఆడుతున్నాయి. ఒక పాటకైనా తన చోటు ఆమెకిచ్చి పక్కకి తప్పుకున్నవాళ్లు లేరని తర్వాత తెలిసింది. ఆమె ఆకుపచ్చ చీరలో, వాళ్ల వదిన పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కర్రలు ఒళ్లో ఉన్నాయి. నన్ను చూసి లేచి కుర్చీ ఇచ్చింది.

“దూరమొచ్చారు, కూచోండి. మంచినీళ్లు తాగుతారా?”

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. వ్యానులో తిరిగి వచ్చేటప్పుడు ఓనరుగారు నా పక్కన ఖాళీ ఉన్నా వెనక్కి వెళ్లి కూర్చున్నారు. ఆవిడ మీద ఒంటికాలి మీద లేచిన మనిషిని, కిక్కురుమనకుండా కూర్చున్నాను.

మంగళవారం కింద కర్రల చప్పుడు మొదలైంది. వెళ్లకూడదనుకున్నాను. ట్రాన్స్‌ఫర్‌కి దరఖాస్తు రాద్దామని కాగితం తీసి, రెండు లైన్లు రాసి, మళ్లీ లోపల పెట్టేశాను. కర్రలు తీసుకుని దిగాను. ఆమె ఎప్పటిలాగే తన చోట నిలబడి ఉంది, ఎదురుగా నా చోటు ఖాళీగా ఉంది. క్షమించమని చెప్పటానికి మెట్ల మీద కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. పాట మొదలైంది. నేను తల దించుకునే కర్రలెత్తాను.

“కర్ర చూడకండి మేడంగారూ, నా మొహం చూడండి” అంది.

ఆ పూటంతా నేను కర్రలే చూశాను.