నాలుగో పాలు ఏలేవాడు

కరీంనగర్ నుంచి మంచిర్యాల వెళ్లే బస్సులో నా పక్కన తెల్లంగీ తొడుక్కున్న పాస్టరొకాయన కూర్చున్నాడు. నేను గ్రీకు బైబిలు పాఠాలు చెప్తానని తెలిసి, యేసు కాలంలో ఏలిన హేరోదును చతుర్థాధిపతి అని ఎందుకన్నారని అడిగాడు.

"నాలుగు, ఏలిక అనే మాటలు కలిసిన గ్రీకు బిరుదండీ. తండ్రి రాజ్యంలో నాలుగో పాలు ఏలేవాడని అర్థం. జనం మాత్రం రాజనే పిలిచేవాళ్లు" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. "మా బాపు బొగ్గుబాయి కాలనీల ఒక్క చర్చి కట్టిండు సార్. ఆయన పోయినంక మేం నలుగురన్నదమ్ములం నాలుగు చేసుకున్నం. ఇప్పుడు నలుగురం బిషపులమే."

మంచిర్యాలలో దిగగానే ఒక ముసలామె "వందనాలు బిషపయ్యగారూ" అంటూ తల వంచింది. దీవించడానికి ఆయన ఎత్తిన చెయ్యి మధ్యలోనే ఆగింది.

"మొన్న ఐతారం మా తమ్ముని చర్చికి పోయినవట గదా, అవ్వా."

చెయ్యి దించేశాడు. ఆమె తల వంచుకునే ఉంది.

ఆ బిరుదుకు అర్థం ఇప్పటికీ చెప్తున్నాను. నవ్వు మాత్రం రాదు.